నూట పద్నాలుగు ఎవరిది?

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు రత్నాబాయి ఆస్పత్రి ల్యాబులో కాలు పెట్టేసరికి, ఖానోల్కర్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ కుర్చీ నర్సింహులుది. రక్తం కొలిచే పనిలో చేరి ఆరేళ్లయింది, నిన్నటి దాకా ఆ కుర్చీలో నర్సింహులు తప్ప ఇంకొకరు కూర్చున్నది లేదు. ఇవాళ మాత్రం తన ల్యాబులోనే తాను చుట్టపుచూపుగా వచ్చినవాడిలాగ గోడకానుకుని నిలబడ్డాడు.

"రా బాయి, రా. కొంచెం ఆలస్యమైంది నీకు," అన్నాడు ఖానోల్కర్ మరాఠీలో. "కేసు నిన్న సాయంత్రమే అయిపోయింది."

"అయిపోతే మూడు గంటలకు ట్రస్టీల మీటింగెందుకు సాహెబ్?" అన్నది రత్నాబాయి, చేతిసంచి బల్ల మీద పెడుతూ.

"శిక్ష వినిపించడానికి."

"అయితే ఇంకా నాలుగు గంటలున్నయి. మీరు చాయ్ తాగుండ్రి."

ఖానోల్కర్ ఇరవై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఆఫీసు తెరిచిన ప్రైవేటు డిటెక్టివు. ఫ్యాను, టెలిఫోను, టైపు కొట్టే పిల్ల, అన్నీ ఉన్నాయి. ఆస్పత్రి ట్రస్టీలు ఆయన్ని పిలిపించుకున్నారు. రత్నాబాయిని పిలిచింది డాక్టర్ శంకర్రావు. ఆమెకు ఆఫీసూ లేదు, ఫోనూ లేదు. కామాఠిపురా పదో గల్లీలో తెలుగువాళ్లుండే వరసగదుల చాలు, మొదటి అంతస్తు, మూడో గది, తలుపు మీద చిన్న రేకు పలక: డిటెక్టివ్ రత్నాబాయి. అంతే. ఆ పలక వేసుకోకముందు పద్దెనిమిదేళ్లు ఇంకో ఆస్పత్రిలో రక్తపు గాజుగొట్టాలు కడిగింది. కడిగే మనిషి ముందర ఎవరూ ఏదీ దాచరు. డాక్టర్లు మాట్లాడుకున్నదంతా ఆమె చెవిలో పడింది, పడింది పడ్డట్టే ఉండిపోయింది. నాగ్‌పాడాలో మాయమైన పెళ్లి నగలు ఎక్కడున్నాయో, ఫోరస్ రోడ్డు దుకాణంలో నిప్పు ఎట్లా పుట్టిందో పోలీసులకంటే ముందు చెప్పింది ఆవిడే. ఆవిడ గల్లీలో నడుస్తుంటే నల్లా దగ్గర ఆడవాళ్లు బిందె పక్కకు జరిపి మరీ దారిస్తారు.

ఇక్కడి సంగతి ఇది.

శంకర్రావు కూడా పదో గల్లీ బిడ్డే. తాత పాలమూరు జిల్లా నుంచి వచ్చి బొంబాయి గోడలకు రాళ్లు మోశాడు. మనవడు రక్తం చదివే డాక్టరయ్యాడు. క్యాన్సరు వచ్చినవాళ్ల రక్తంలో మంట ఎంతుందో ఆపరేషనుకు ముందే కొలిచి రాసిపెట్టుకుంటే, ఆ మనిషి తర్వాత ఎట్లా కోలుకుంటాడో చాలామట్టుకు ముందే చెప్పొచ్చని ఆయన నమ్మకం. నాలుగేళ్ల నుంచి ఒక పెద్ద పుస్తకంలో రాస్తున్నాడు. రెండు వందల పన్నెండు మంది పేర్లున్నాయి. మంట తక్కువున్నవాళ్లలో ఎక్కువమంది రెండేళ్ల తర్వాత కూడా తమ కాళ్ల మీద నడిచొచ్చి ఆయనకు దండం పెట్టి పోయారు. మంట ఎక్కువున్నవాళ్లలో చాలామంది రాలేదు.

మంట కొలవడమంటే ఏమీ లేదు, ఒక సన్నని పొడుగు గాజుగొట్టంలో రక్తం నింపి గంటసేపు నిలబెడతారు. ఒంట్లో ఎక్కడన్నా వాపో కుళ్లో ఉంటే, ఎర్రకణాలు జొన్నరొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అతుక్కుని బరువెక్కి గబగబా కిందికి దిగుతాయి. గంటలో ఎంత దిగిందో అదే లెక్క. ఈఎస్సార్ అంటారు. ఇరవయ్యో ముప్ఫయ్యో అయితే భయం లేదు. వంద దాటిందంటే లోపల ఏదో రగులుతున్నట్టే. దానికి తోడు సీఆర్పీ అని ఇంకో పరీక్ష, తెల్లకణాల లెక్క ఒకటి. మూడూ కలిపి చూసుకుంటాడు శంకర్రావు.

మంగళవారం నాడు చంద్రమ్మ అనే ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి రక్తం వచ్చింది. పదో గల్లీయే. రొమ్ములో గడ్డ. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఆపరేషను రాసిపెట్టారు. ఈఎస్సార్ చూస్తే నూట పద్నాలుగు. ఇంత మంటలో కోత పెట్టడం మంచిది కాదని శంకర్రావు ఆపరేషను ఆపించాడు. కానీ మనసొప్పక గురువారం తనే స్వయంగా ఆమె చేతి నుంచి రక్తం తీసి చూశాడు. ఇరవై నాలుగు. సీఆర్పీ కూడా శుభ్రం.

రెండు రోజుల్లో ఒకే మనిషి రక్తం నూట పద్నాలుగు నుంచి ఇరవై నాలుగుకు రాదు. ఎక్కడో ఎవరో తప్పు చేశారు. ట్రస్టీలు గొట్టం కొలిచిన నర్సింహులును పట్టుకున్నారు. ఒక్క అంకె దొంగదైతే మిగిలిన రెండు వందల పదకొండు మంది అంకెలు మాత్రం ఎట్లా నమ్మేది అన్నారు. మూడు గంటలకు నర్సింహులు ఉద్యోగమూ పోతుంది, శంకర్రావు పుస్తకమూ మూతపడుతుంది.

"గొట్టం ఎన్నింటికి నిలబెట్టినవ్ నర్సింహులు?" అన్నది రత్నాబాయి తెలుగులో.

"తొమ్మిది నలభైకి అత్తా. పది నలభైకి చూసిన."

"అబద్ధం," అన్నాడు ఖానోల్కర్. తెలుగు రాకపోయినా అంకెలు అర్థమైనట్టున్నాయి. జేబులోంచి చీటీ తీశాడు. "పది గంటల ఐదు నిమిషాలకు ఇరానీ హోటల్లో కూర్చున్నాడు. పదకొండు దాటాక లేచాడు. హోటల్ మనిషి చెప్పాడు. మరి పది నలభైకి గొట్టం చూసింది ఎవరు? వీడి దయ్యమా?"

"నేను పది ఇరవై అయిదుకే వచ్చిన అత్తా. ఒట్టు."

"వచ్చినా రాకపోయినా ఒక్కటే, నువ్వు ఊకో," అన్నది రత్నాబాయి. "సాహెబ్, మీ మాటే నిజమనుకుందాం. గంటకు చూడాల్సింది గంటన్నరకు చూసిండనుకుందాం. ఆ స్టాండులో ఇంకెన్ని గొట్టాలున్నయి?"

ఖానోల్కర్ చీటీ తిరగేశాడు. అందులో ఆ సంగతి లేదు.

"మూడు," అన్నాడు నర్సింహులు. "పన్నెండు, ముప్ఫై, పద్దెనిమిది."

"ఒకే స్టాండు, ఒకే గంట, ఒకే మనిషి. ఆలస్యంగ చూస్తే నాలుగూ పెరగాలె గదా. ఒక్కటే ఎట్ల పెరిగింది సాహెబ్?"

"అసలు చూడనే లేదు. ఊరికే రాశాడు."

"ఊరికే రాసేటోడు నూట పద్నాలుగు రాస్తడా? ఇరవై రాస్తడు. పాతిక రాస్తడు. ఎవ్వరూ అడగకుండ పోయే అంకె రాస్తడు గని, డాక్టరు ఉరికొచ్చే అంకె ఎందుకు రాస్తడు?"

ఖానోల్కర్ కాలు కిందికి దించాడు.

"ఆ గొట్టం పెట్టిన అర వంకరగా ఉండి ఉంటుంది. గొట్టం ఒరిగితే రక్తం తొందరగా దిగుతుందట. నేనూ అడిగి తెలుసుకున్నాను బాయి."

"మంచి మాట అన్నరు," అని రత్నాబాయి సంచిలో చెయ్యి పెట్టి దారానికి కట్టిన ఇత్తడి గుండు బయటికి తీసింది. మేస్త్రీలు గోడ నిక్కచ్చిగా లేస్తున్నదా లేదా చూసుకునే గుండు, బొంబాయిలో ఒళంబా అంటారు. వాళ్ల నాయనది. దారం కొస వేలితో పట్టుకుని నాలుగో అర పక్కన వేలాడదీసింది. గుండు ఊగి ఊగి నిలిచింది. దారమూ గాజుగొట్టమూ పక్కపక్కన రెండు గీతలు గీసినట్టున్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇది ఆస్పత్రి బాయి. ఇల్లు కడుతున్నావా?"

"ఈ ఆస్పత్రి గోడ కట్టినోళ్లు కూడ దీంతోనే కట్టిన్రు సాహెబ్. అరవై ఏండ్లు దాటె. ఎక్కడన్న ఒరిగిందేమో చూడుండ్రి."

నర్సింహులు మొహంలో నిన్నటి నుంచి మొదటిసారి నవ్వు కనబడింది.

రత్నాబాయి గుండు చుట్టి లోపల పెట్టుకుంది. "సీఆర్పీ ఎవరు చేసిన్రు?"

"పక్క గదిల కులకర్ణి బాయి. ఆమెకు నా అంకె తెల్వదు. ఆమెకు గూడ గట్టిగనే వచ్చింది."

"మిగిలిన ముగ్గురి రక్తం మళ్ల చూసిన్రా?"

"నిన్న డాక్టరు సాబు చూసిండు. అవే అంకెలు."

రత్నాబాయి తల ఊపింది. ఆమె ఏదన్నా తేల్చుకున్నప్పుడు కొంగు భుజం మీదికి గట్టిగా లాక్కుంటుంది. ఇప్పుడూ లాక్కుంది.

"వినుండ్రి సాహెబ్. ఇద్దరు మనుషులు, రెండు గదులు, రెండు పరీక్షలు, ఒకటే మాట. అంటే ఆ రక్తంల మంట ఉన్నది నిజం. ల్యాబుల గొట్టాలు తారుమారైతే మిగిలిన ముగ్గురిల ఒకరి అంకె తప్పు కావాలె. కాలే. అంటే తారుమారు ల్యాబుల కాలేదు. ల్యాబుకు రాకముందే అయింది."

"ఎవరి రక్తం మరి?"

"అది మూడు గంటలకు చెప్త. అప్పటి దాకా ఆ కుర్చీ నర్సింహులుకు ఇయ్యుండ్రి. నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయి వానికి."

ఖానోల్కర్ లేవలేదు. కానీ ఆమె గడప దాటాక వెనక కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది.

*

రక్తం తీసే గది కింద ఉంటుంది. అక్కడ సూది గుచ్చేది శాంతాబాయి. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే పది లోపల అరవై చేతులు. గుడ్డ తెర పక్కకు జరిగినప్పుడల్లా ఒక చెయ్యి లోపలికి వస్తుంది, రబ్బరు కట్టు, గుచ్చు, దూది, వెళ్లు.

"మంగళవారం, చంద్రమ్మ. మొహం గుర్తున్నదా శాంతాబాయి?"

"మొహాలు ఎవరు చూస్తారు రత్నాతాయి? చేతులడుగు, చెబుతాను."

"చెయ్యే చెప్పు."

శాంతాబాయి కళ్లు మూసుకుంది. "ఎనిమిదీ ఇరవైకి. గుర్తుండదా. పొద్దుటి నుంచి అన్నీ ఎండిన చేతులే, నరం దొరక్క చచ్చాను. ఆ చెయ్యి వచ్చింది. కట్టె లాగ గట్టి చెయ్యి. అరచెయ్యంతా కాయలు కాసింది. రబ్బరు కట్టకముందే నరం లేచి నిలబడింది. మోచేతి మడత కింద పచ్చబొట్టు, తులసికోట. ఆ కోట పక్కనే గుచ్చాను."

"పేరు అడిగినవా?"

"బయట పేరు పిలిచారు, లోపలికి వచ్చింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. నేను ఏమడగాలి?"

రత్నాబాయి రెండు మెట్లు ఒక్కసారి దిగింది. చంద్రమ్మ బొంబాయిలో పుట్టిన పిల్ల. బడికి పోయింది, పచ్చబొట్టు పొడిపించుకోనని పదేళ్లప్పుడు మంచం కింద దాక్కుందని గల్లీ అంతా ఇప్పటికీ నవ్వుకుంటారు.

*

పన్నెండూ నలభైకి పదో గల్లీ చాలు మెట్లెక్కింది. గదుల ముందరి వరండాలో చంద్రమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. మనిషి ఎండిపోయింది గానీ కళ్లు గట్టిగానే ఉన్నాయి.

"రెండు చేతులూ చాపు బిడ్డా."

చాపింది. ఎడమ చేతి మీద ఏమీ లేదు. కుడి చేతి మీద ఒక్కటే సూది మచ్చ, చుట్టూ నీలం తేలింది, నిన్నటిది.

"నిన్న డాక్టరు కుడి చేతికి గుచ్చిండు. మంగళవారం ఏ చేతికి గుచ్చిన్రు?"

చంద్రమ్మ బియ్యంలో లేని రాయి వెతికింది. తర్వాత తల తిప్పి గదిలోకి చూసింది.

"దాన్నేమడుగుతవ్ రత్నా, నన్నడుగు," అంటూ లక్ష్మవ్వ బయటికి వచ్చింది. చంద్రమ్మ అత్త. అరవైకి దగ్గర పడుతోంది, ఈ వయసులోనూ ఫాక్‌లాండ్ రోడ్డు వెనక లేస్తున్న బిల్డింగుకు తట్ట మోస్తుంది. చేతులకు జొన్నపిండి. మోచేతి కింద తులసికోట, కోట పక్కన మూడు రోజుల నాటి సూది మచ్చ పసుపుపచ్చగా మారుతోంది.

రత్నాబాయి ఆ మచ్చ వైపు చూసింది. లక్ష్మవ్వ దాచుకోలేదు. చెయ్యి ఇంకా ముందుకు చాపింది.

"ఇచ్చిన. నేనే ఇచ్చిన. ఏం, దొంగతనం చేసిన్నా?"

"ఎందుకిచ్చినవ్ వదినా?"

"ఎందుకంటవేంది? దాన్ని చూసినవా, ఆరు నెలలల్ల సగమైంది. పోయినప్పుడల్లా గుంజుతరు. ఉన్న నాలుగు చుక్కలు గుంజుకుంటే కోతకు ఎట్ల తట్టుకుంటది? శంకర్రావు పుస్తకంల మంచి రక్తం ఉన్నోళ్లకే మంచి జరుగుతదని గల్లీలంత తెలుసు. నేనంటి కదా, నువ్వు బెంచి మీద కూసో బిడ్డా, పేరు పిలిస్తే నేను పోత అని. వద్దత్తమ్మా అన్నది. నేను వింటనా?"

"అత్తమ్మ మాట కాదంటే అన్నం మానేస్తది అక్కా," అన్నది చంద్రమ్మ మెల్లగా.

"నలభై ఏండ్లు నెత్తి మీద ఇటుకలు మోసిన. ఇద్దరు పిల్లలను కన్న మూడో రోజుకే పనికి పోయిన. జొరమంటే ఎట్లుంటదో నాకు తెల్వదు. నా రక్తం కన్న మంచి రక్తం ఈ గల్లీల ఏడున్నది చెప్పు. మన ఇంట్ల రక్తమే కదా, దాని పేరు మీద పోతే ఏమాయె?" అని లక్ష్మవ్వ నవ్వింది. పళ్లన్నీ ఉన్నాయి, ఒక్కటి ఊడలేదు. "ఇంతకూ పాసైందా నా రక్తం? ఎన్ని మార్కులొచ్చినయి?"

  నూట పద్నాలుగు ఇందాకటి దాకా ఎవరిదో తెలియని అంకె. ఇప్పుడు దానికి మనిషి దొరికింది. ఎదురుగా నిలబడి, పిండి చేతులతో, నవ్వుతోంది.

నర్సింహులు నిర్దోషి అని చెప్పాలంటే ఈ మనిషి లోపల ఏదో రగులుతోందని అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే వాడి ఉద్యోగం పోతుంది, పుస్తకం పోతుంది, ఈమె లోపలి మంట సంగతి ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది. ఆలోచించాల్సింది ఎంతో లేదు.

"వదినా, మూడు గంటలకు ఆస్పత్రికి రావాలె. పెద్ద పెద్దోళ్ల ముందర చెప్పాలె."

"వస్త. భయమా నాకు? పెట్టెల ఉన్న ఇల్కల్ చీర కట్టుకొని వస్త."

*

మూడు గంటలకు ట్రస్టీల గదిలో పొడుగాటి బల్లకు ఒక పక్క అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో తెల్ల టోపీ పెద్దమనిషి చైర్మన్. ఒక మూల శంకర్రావు, ముందర తన పుస్తకం. నర్సింహులు నిలబడి ఉన్నాడు. లక్ష్మవ్వ ఇల్కల్ చీరలో కుర్చీ అంచున కాదు, నిండుగా కూర్చుంది.

రత్నాబాయి చెప్పాల్సింది పది నిమిషాల్లో చెప్పింది. ఎనిమిదీ ఇరవై, తులసికోట, ఒక్కటే సూది మచ్చ. లక్ష్మవ్వ ప్రతి మాటకూ తల ఊపింది.

ఖానోల్కర్ లేచాడు. "ముసలావిడతో ఒక మాట చెప్పించడం ఎంతసేపు? వీళ్లంతా ఒకే గల్లీవాళ్లు. తమ వాడి ఉద్యోగం కాపాడుకోవడానికి ఏమైనా చెబుతారు. ఆ పచ్చబొట్టు కామాఠిపురాలో సగం చేతుల మీద ఉంటుంది."

"నిజమే సాహెబ్," అన్నది రత్నాబాయి. "మా మాట నమ్మకుండ్రి. రక్తాన్నే అడుగుండ్రి. గొట్టం మీరే చూడుండ్రి. నర్సింహులు దగ్గరికి కూడ రాడు. నేనూ రాను."

మూడూ పదికి అందరి ముందూ శంకర్రావు లక్ష్మవ్వ చేతికి సూది గుచ్చాడు. నరం లేచి నిలబడింది. "చూసిన్రా," అన్నది లక్ష్మవ్వ ట్రస్టీల వైపు తిరిగి.

సీఆర్పీ ముందు తేలింది. నల్ల పలక మీద రెండు చుక్కలు కలిపి అటూ ఇటూ ఊపితే, రెండు నిమిషాల్లో పాలు విరిగినట్టు తెల్లగా పలుకులు పలుకులైంది. చైర్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత గంట. మూడూ పదిహేనుకు గొట్టం నిలబెట్టారు, ఖానోల్కర్ దాని ముందర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ బయటికి పోలేదు. చాయ్ వచ్చింది, చల్లారింది.

సరిగ్గా నాలుగూ పదిహేనుకు ఖానోల్కర్ గొట్టం మీదికి వంగాడు. ఒకసారి చూశాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి ఇంకోసారి చూశాడు.

"నూట పదహారు," అన్నాడు.

 ఖానోల్కర్ నిటారుగా నిలబడి, చేతిలో చీటీని రెండు ముక్కలుగా చించి జేబులో పెట్టుకున్నాడు. "నర్సింహులు కొలిచింది తప్పు కాదు. హోటల్ మనిషి మాట నేను సరిచూసుకోవాల్సింది," అన్నాడు చైర్మన్‌తో. తర్వాత రత్నాబాయి వైపు తిరిగాడు. "బాయి, పోలీసులో ఎందుకు చేరలేదు నువ్వు?"

"గొట్టాలు ఎవరు కడుగుతరు సాహెబ్?"

చైర్మన్ లేచి పుస్తకాన్ని రెండు చేతులతో శంకర్రావు ముందరికి జరిపాడు. "డాక్టర్, ఒక్క అంకె తేడా వస్తే అది మనిషినే పట్టించిందంటే, మీ పుస్తకం నమ్మొచ్చు," అన్నాడు. రత్నాబాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడ్చే మనిషి కాదు, వాటిని తుడుచుకోనూ లేదు. రాళ్లు మోసినవాళ్ల మనవడు రాసిన పుస్తకం. రాళ్లు మోసినవాళ్ల బిడ్డ కొలిచిన అంకె. ఇంత పెద్ద బల్ల అవతల ఉన్నవాళ్లు లేచి నిలబడాల్సి వచ్చింది.

శంకర్రావు మాత్రం పుస్తకం వైపు చూడలేదు. లక్ష్మవ్వ కుర్చీ పక్కన మోకాలి మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నీకు ఎక్కడన్న నొప్పి ఉన్నదా? కడుపుల, ఎముకలల్ల?"

"నాకేం నొప్పి నాయనా?"

"నీ రక్తంల మంట ఉన్నది పెద్దమ్మా. చంద్రమ్మది కాదు, నీది. అది ఏ రోగమో ఈ అంకె చెప్పదు. క్షయ కావచ్చు, ఇంకేదన్న కావచ్చు. వెతకాలె. రేపే వచ్చి పండాలె నువ్వు ఇక్కడ."

లక్ష్మవ్వ కాసేపు తన చెయ్యి తనే చూసుకుంది, కొత్త మనిషి చెయ్యి చూసినట్టు. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. గొంతు తగ్గలేదు.

"నడుముల రాత్రి పూట కొంచెం పోటు. బరువు మోసేటోళ్లకు ఉంటది గదా అనుకున్న. ఉంటే ఉండనీ. ఆర్పుతందుకే గదా నువ్వు సదువుకున్నది. ముందుగాల దానికి కోత కానీ. దాని రక్తం మంచిదేనంటివి గదా?"

"మంచిదే. సోమవారం చేయిస్త."

"ఇయ్యాల నాలుగున్నరకు ఉండె గదా, ఇయ్యాలనే చెయ్యిరి."

"ఆ టైము ఇంకొకరికి ఇచ్చిన్రు పెద్దమ్మా. మన గల్లీ కిష్టయ్యకు. కడుపుల గడ్డ. ఆయన రక్తం ఎంత బాగున్నదో, ఈ ఏడు చూసిన రక్తాలల్ల అంత మంచిది లేదు. పెద్ద సర్జను సాబు చూసి, ఆలస్యమెందుకని పిలిపించిండు."

"ఉండదా మరి," అన్నది లక్ష్మవ్వ. మొహం మళ్లీ వెలిగింది. ట్రస్టీల వైపు తిరిగి, వాళ్లకు తెలుగు రాదన్న సంగతి మరిచిపోయి చెప్పసాగింది. "మా తాన రోగమొచ్చినోళ్లను ఒంటరిగ సూది కిందికి తోలరయ్యా. ఇంట్ల గట్టోడు ఎవడుంటే వాడు ముందల పడ్తడు. నేనేందో పెద్ద ఘనకార్యం చేసినట్టు చూస్తున్నరు గని, నాకు ఈ ఉపాయం చెప్పిందే పోచయ్య. కిష్టయ్య తమ్ముడు, తాలీంల కుస్తీ పట్టే పైల్వాను. పోయిన వారం కిష్టయ్య పేరు పిలిస్తే పోచయ్య పోయి చెయ్యి చాపిండు. మంచిగ రాకుంటదా?"

శంకర్రావు ఒక్క ఉదుటున లేచాడు. రత్నాబాయి ఆయన వైపు తిరిగింది. గొట్టాలు కడిగిన పద్దెనిమిదేళ్లలో ఆమెకు ఒక సంగతి బాగా తెలుసు. ఈఎస్సార్‌కు తీసిన సూదితోనే ఇంకో చిన్న సీసాలోకి కూడా తీస్తారు. కోత వేళ ఎక్కించడానికి ఏ గ్రూపు రక్తం సరిపోతుందో దాంతోనే చూస్తారు. అన్నదమ్ములైనంత మాత్రాన రక్తం ఒకటే కావాలని లేదు. ఒకరికి సరిపడేది ఇంకొకరి ఒంట్లోకి పోతే అది మందు కాదు, విషం.

"సాబూ," అన్నది. "గ్రూపు."

శంకర్రావు అప్పటికే తలుపు దగ్గరున్నాడు. గోడ గడియారం నాలుగూ ముప్ఫై రెండు చూపిస్తోంది. రత్నాబాయి కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వెనకాలే పరుగెత్తింది. ఏం జరిగిందో తెలియకపోయినా ఆమె మొహం చూసి ఖానోల్కర్ కూడా పరుగెత్తాడు. లిఫ్టు పైనెక్కడో ఆగి ఉంది. రెండు అంతస్తులు మెట్ల మీదే. వరండా చివర ఆపరేషను గది తలుపులు వేసి ఉన్నాయి. ముందు చేరిన శంకర్రావు రెండు చేతులతో తలుపు బాదుతున్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్న పోచయ్య లేచి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, మెడలో హనుమంతుడి బిళ్ల. రత్నాబాయిని చూసి ఛాతీ నిండా ఊపిరి తీసుకుని నవ్వాడు.

"పరేషాన్ కాకు అక్కా. రక్తం సీసా లోపలికి తీస్కపోయి పది నిమిషాలైంది. నా రక్తంతోని జోడు చూసే తెచ్చిన్రట, నర్సమ్మను అడిగి తెలుసుకున్న."